తాళ్ళమెరకలో పేచీకోరు కార్డులు

తాళ్ళమెరక మార్కెట్లో తెల్లవారిందనడానికి గుర్తు, పేరూరి భద్రం కొట్టు దగ్గర బెండకాయ కొస విరిగిన చప్పుడు.

కొస టక్కున విరిగితే కాయ లేత. వంగి, సాగి, నారలు తేలి, ఎంతకీ తెగకపోతే ముదురు. ఈ సంగతి అమ్మే భద్రానికీ తెలుసు, కొనేవాళ్ళకీ తెలుసు. అయినా విరిచి చూడటం కొనేవాళ్ళ ఆచారం, విరవద్దని మొత్తుకోవడం అమ్మేవాళ్ళ ఆచారం. రెండు ఆచారాలూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో హాయిగా కాపురం చేస్తున్నాయి.

విరిచేవాళ్ళందరిలోకీ పెద్ద చెయ్యి మాణిక్యాంబ గారిది. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన విశ్వనాధం గారి భార్య. ముందు ఆవిడ, వెనక సంచి, సంచి వెనక విశ్వనాధం గారు, ఆ వరసలో వచ్చేవారు. ఆవిడ బెండకాయ కొస విరిచేది, వంకాయ ముచిక దగ్గర నొక్కేది, ఆనపకాయకి గోరు గుచ్చేది, కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. పచ్చిమిరపకాయని కూడా వెలుగులోకి ఎత్తిపట్టి చూశాకే సంచిలో వేసేది.

"ఇది ముదురు."

"లేదండీ అమ్మగారూ. తెల్లారగట్ల కోసిందండి."

"ఏ నెల తెల్లారగట్ల?"

భద్రం తక్కెడ సర్దుకునేవాడు. ఆవిడ మరో నాలుగు విరిచి, ఆరు ఏరి, తూకం ముల్లు నిలబడేదాకా కన్నార్పకుండా చూసి, వెళ్ళిపోయేది. ఆవిడ వీపు మలుపు తిరగ్గానే పక్క కొట్టువాడు గొంతు తగ్గించి అడిగేవాడు.

"వెళ్ళిందా పేచీకోరు?"

ఆ మాటకి తాళ్ళమెరకలో వాడుక అదే. మొహం మీద అనరు. వీపు కనపడ్డాకే అంటారు. అని కాస్త నవ్వుతారు.

కొస విరిగిన బెండకాయ ఎంత లేతదైనా మరొకరు కొనరు. ఇంకొకరు వద్దని పారేసింది మనకెందుకంటారు. అందుకని విరిగినవన్నీ భద్రం సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళేవాడు. వాళ్ళావిడ నూకరత్నం వాటిని ఓ రోజు పులుసు పెట్టేది, ఓ రోజు వేయించేది, ఓ రోజు పెరుగులో కలిపేది. భద్రం పెట్టింది తిని లేచేవాడు. రోజంతా కొట్లో ఊరందరి వంకలూ విన్న మనిషి, ఇంట్లో తనొక వంక పెట్టేవాడు కాదు.

"ఉప్పెక్కువైందో తక్కువైందో చెప్పొచ్చు కదా," అనేది నూకరత్నం. "గోడకి పెట్టినా ఇంతకన్నా ఏదో ఒకటంటుంది."

"బానే ఉంది," అనేవాడు భద్రం. మర్నాడూ అదే అనేవాడు.

మనసులో మాత్రం లెక్క కట్టుకునేవాడు. అతనిది లెక్క కట్టే బుర్ర. పుట్టుక రాబడి, పెళ్ళి పెట్టుబడి, జ్వరం తరుగు. ఆ లెక్కలో మాణిక్యాంబ గారు ఎప్పుడూ నష్టం పద్దులోనే ఉండేది.

*

ఆ ఏడు తాళ్ళమెరక పురపాలక సంఘానికి చక్రపాణి గారు కమిషనరుగా వచ్చారు. ఆయన వచ్చిన వారంలోనే పైనుంచి ఒక పోటీ వచ్చింది. పట్టణాల్లో ప్రజలు ఎంత సంతృప్తిగా ఉన్నారో కొలుస్తారట. ఒక బృందం చెప్పాపెట్టకుండా వచ్చి, వీధిలో కనపడినవాణ్ణి ఆపి, "మీకు సంతృప్తేనా?" అని అడుగుతుందట. ముందు నిలిచిన ఊరికి పెద్ద షీల్డు ఇస్తారట. చెప్పాపెట్టకుండా వచ్చే ఆ బృందం ఫలానా తారీఖున వస్తుందని కబురు కూడా వచ్చింది.

కమిషనరు గారు సంఘం ఒకటి వేశారు. అందులో శానిటరీ ఇన్‌స్పెక్టరు, కాలేజీలో తెలుగు చెప్పే సోమయాజులు గారు, వర్తకుల తరఫున భద్రం. భద్రాన్ని ఎందుకు వేశారంటే అతని కొట్టు మార్కెట్టు గేటుకి ఎదురుగా మూలమీద ఉంది. లోపలికి వచ్చేవాడి కన్నూ బయటికి పోయేవాడి చెయ్యీ ముందు దానిమీదే పడతాయి. తండ్రి నాటినుంచీ వాళ్ళదే అయినా, కట్టడం పురపాలక సంఘానిది. ఏటేటా లైసెన్సు తిరగరాయించుకోవాలి. ఆ మూల పోయి లోపల చేపల వరస పక్కకి వెళ్ళాల్సి వస్తే తన పని అయిపోయినట్టేనని భద్రానికి తెలుసు. ఆ సంగతి భద్రానికి తెలుసునని కమిషనరు గారికీ తెలుసు.

"మన పట్టణము సంతృప్తి సూచికలో అట్టడుగున ఉన్నది," అని మొదలుపెట్టారు కమిషనరు గారు. "కారణమేమి?"

"మురిక్కాలవలండి," అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు.

"కాలవలు బాగుచేయుటకు నిధులు కావలెను. మనుషులను బాగుచేయుటకు తీర్మానము చాలును. కాలవ పక్కనే నివసించుచూ ముక్కు మూసుకుని మౌనముగా పోవు పౌరులు లేరా? ఉన్నారు. ఫిర్యాదు చేయువారు ఎవరు? ఎక్కడ చూసినను వారే. జనభాషలో వారినేమందురు, సోమయాజులు గారూ?"

"పేచీకోరులంటారండి."

"నిర్వచింపుడు."

సోమయాజులు గారి మొహం వెలిగింది. జీతం తీసుకుంటున్న ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ ఇంత ఆసక్తిగా ఒక మాటకి అర్థం అడగలేదు. ఆయన కండువా సర్దుకున్నారు.

"కోపిష్టి వేరండి. అతనికి కోపం వస్తుంది, పోతుంది. చాదస్తుడు వేరు. అతని బాధ అతనిదే. నసమనిషి చెప్పిందే చెబుతాడు. వంకలమారి తప్పు చూపించి ఊరుకుంటాడు. పేచీకోరు ఊరుకోడు. తప్పు చూపిస్తాడు, ఒప్పుకోమంటాడు, మనం ఒప్పుకున్నాక, ఈ ఒప్పుకునేదేదో ముందే ఎందుకు ఒప్పుకోలేదని అడుగుతాడు."

"బాగున్నది. కానీ ఇది కొలుచుటకు వీలుగా లేదు. గుమాస్తా వీధిలో నిలబడి చూచి, ఇతడు అవును, ఇతడు కాదు అని రాసుకొనగలగాలి. భద్రం గారూ, మీ అనుభవమున?"

భద్రానికి ఆ పొద్దుటి బుట్ట కళ్ళముందు మెదిలింది.

"ఇందులో అంత కష్టమేవుందండి," అన్నాడు. "బెండకాయ విరిచి చూసేవాళ్ళేనండి."

సరదాకే అన్నాడు. కానీ పక్కనున్న గుమాస్తా రాసేశాడు. కమిషనరు గారు ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, ఇంతకన్న శాస్త్రీయమైన నిర్వచనం తానెక్కడా చూడలేదన్నారు. దానికి మెరుగులు కూడా దిద్దారు. 'కొనుగోలునకు పూర్వము సరుకును విరుచుట, నొక్కుట, గిచ్చుట, వాసన చూచుట, చెవివద్ద ఊపుట చేయు వ్యక్తియు, మరియు పై నిర్వచనమును ఆక్షేపించు వ్యక్తియు పేచీకోరుగా పరిగణింపబడును. అట్టివారికి ఆ మేరకు కార్డు ఇవ్వబడును.'

"అయ్యా," అన్నారు సోమయాజులు గారు, "ఇది చేష్ట అవుతుంది గాని అర్థం కాదండి. పైగా ఇది చాటున అనుకునే మాట. చాటుమాటని చీటీ మీద రాసి చేతికిస్తే..."

"మీరు ఆక్షేపించుచున్నారా?"

"ఆక్షేపణ అనకూడదండి, సవరణ..."

"ఆ మాటకు కూడా ఆక్షేపణయేనా?"

సోమయాజులు గారు కండువా మళ్ళీ సర్దుకున్నారు. గుమాస్తా అప్పటికే ఆయన ఇంటిపేరు ఒక్క దీర్ఘంతోనే రాయాలా అని అడుగుతున్నాడు. తాళ్ళమెరకలో మొదటి పేచీకోరు కార్డు నిర్వచనం చెప్పినాయనకే దక్కింది.

సమావేశం అయ్యాక కమిషనరు గారు భద్రాన్ని ఆపారు. ప్రతి వర్తకుడూ తన కొట్టుకి వచ్చే పేచీకోరుల పేర్లు చెప్పవలెననీ, సహకారమును బట్టి లైసెన్సుల సంగతి చూడబడుననీ అన్నారు. గేటు ఎదుటి మూలకి చాలామంది అర్జీలు పెట్టుకున్నారని కూడా, ఊరికే, మాటవరసకి అన్నారు.

భద్రం మనసులో తక్కెడ ఎత్తాడు. ఒక పళ్ళెంలో మూల కొట్టు. రెండో పళ్ళెంలో ఏం పెట్టాలా అని వెతికితే విరిగిన బెండకాయలు తప్ప కనపడలేదు.

"ఆయ్, మాణిక్యాంబ గారండి," అన్నాడు.

*

కార్డు పసుపు రంగుది. ఫొటో, పేరు, కింద పురపాలక ముద్ర. కార్డున్నవాళ్ళకి విడి సరుకు అమ్మకూడదు. మూతి కుట్టేసిన సంచులు తయారుచేయించారు. వాటికి సంతృప్తి మూట అని పేరు పెట్టారు. ఇంటికి వెళ్ళేదాకా మూట విప్పరాదు. విప్పాక తిరిగి తేరాదు.

మాణిక్యాంబ గారు కార్డు అందుకుని, ఎండకి ఎత్తిపట్టి చూసి, ప్లాస్టిక్కు కింద గాలిబుడగ ఉంది, మార్చి ఇవ్వమంది. గుమాస్తా ఇది కూడా రాసుకోవాలా అని పైవాళ్ళని అడగడానికి వెళ్ళాడు. ఆవిడ అక్కణ్ణుంచి తిన్నగా భద్రం కొట్టుకి వచ్చింది. భద్రం మూట చేతికిచ్చాడు. ఆవిడ మూటకేసి చూడలేదు, భద్రంకేసి చూసింది.

"నీ నోటితోనే చెప్పావటగా భద్రం."

"రూలండీ అమ్మగారూ."

"రూలు సంగతి నేనడగలేదు. ఇందులో ఏవుంది?"

"బెండకాయలండి."

"లేతవేనా?"

మూట కట్టింది భద్రమే. అయినా దాని మూతి కుట్టుకేసి చూశాడు. ఆవిడ మూట బల్లమీద పెట్టి, సంచి మడిచి విశ్వనాధం గారి చేతికిచ్చి వెళ్ళిపోయింది. విశ్వనాధం గారు ఒక్క క్షణం ఆగారు.

"ఎన్నో సంబంధాలకి వంకపెట్టి నన్ను ఒప్పుకుందయ్యా," అన్నారు మెల్లిగా. "ఇన్నేళ్ళూ ఆ ఒక్క ధైర్యంతోనే బతికాను." ఆయనా వెళ్ళిపోయారు.

ఆవిడ మలుపు తిరిగింది. పక్క కొట్టువాడు అలవాటుగా నోరు తెరిచాడు గాని, ఆ మాట ఇప్పుడు సర్కారువారిది అయిపోయింది. వాడుకోవచ్చో లేదో తెలియక ఊరుకున్నాడు.

*

మొదటి రోజుల్లో భద్రానికి ప్రాణం హాయిగా ఉంది. టక్కుమనే చప్పుడు లేదు. పెట్టిన బుట్ట పెట్టినట్టే నిండుగా ఉంది. ఇంట్లో నూకరత్నం బెండకాయ మరచిపోయి దొండకాయ వండింది. బానే ఉందన్నాడు.

ఊళ్ళో తీర్మానం మాత్రం తన దారిన తాను పెరుగుతోంది. పేచీకోరుల సంఖ్య తగ్గాలంటే ముందు వాళ్ళెవరో తేలాలని, పట్టినవాళ్ళకి పట్టినట్టు కార్డులిచ్చారు. మందు పనిచెయ్యలేదన్న రోగికి కార్డు. పెళ్ళికొడుకుతో ఓసారి మాట్లాడాలన్న పెళ్ళికూతురికి కార్డు, మాట్లాడనిస్తే తప్పేవుందన్న ఆమె మేనత్తకి కార్డు. సీసాపాలు ఉమ్మేసిన పసివాడి విషయంలో తండ్రిని సంజాయిషీ అడిగారు. ఆ తండ్రి బిడ్డ తన పోలిక కాదని రాసిచ్చి బయటపడ్డాడు, ఇంటికెళ్ళాక ఆ కాగితం సంగతి భార్యకి తెలిసి మళ్ళీ చిక్కుల్లో పడ్డాడు.

ఆ తరవాత తీర్మానం ఆఫీసులోకే నడిచొచ్చింది. తప్పులు పట్టడమే ఉద్యోగమైనవాళ్ళు పురపాలక సంఘంలో చాలామంది ఉన్నారు. కల్తీలు చూసే అధికారి నూనె వాసన చూశాడు, కార్డు. ఇళ్ళు చూసే అధికారి కొత్త గోడని వేలితో గిచ్చాడు, కార్డు. లెక్కల తనిఖీకి జిల్లా నుంచి వచ్చిన ఆడిటరు ఒక రసీదుని దీపానికి ఎత్తిపట్టి చూశాడు. అది విరుచుట కిందికి వస్తుందా, నొక్కుట కిందికి వస్తుందా అని కాసేపు తర్జనభర్జన పడి, రెండింటికీ కలిపి ఒకే కార్డిచ్చారు. కార్డున్నవారికి మూతి కుట్టిన మూటలే ఇవ్వాలి గనక, లెక్కల పుస్తకాలు కూడా గోనెసంచిలో కుట్టి ఇచ్చారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత సాఫీగా జరిగిన ఆడిట్‌ని తానెరగనని కమిషనరు గారు అన్నారు.

ఊరంతా నిశ్శబ్దమైంది. ఎవరిని ఎలా ఉన్నావని అడిగినా, "సంతృప్తి," అని ముందుకి నడుస్తున్నారు.

ఈ కబురు మిగతా అందరికన్నా ముందు టోకు యార్డుకి చేరింది. పొరుగూళ్ళ రైతులు సరుకు తెచ్చి వేలంవేసే చోటది. తాళ్ళమెరకలో కొస విరిచేవాళ్ళు లేరనీ, ఏదిచ్చినా పుచ్చుకుంటారనీ తెలిశాక, మరెక్కడా పోని సరుకంతా తాళ్ళమెరక గుట్టకి చేరడం మొదలైంది. ఓ తెల్లవారుజామున భద్రం ఎప్పట్లాగే గుట్టలోంచి ఒక కాయ తీసి, చూడకుండానే కొస విరిచాడు. అది విరగలేదు. కొబ్బరితాడులా వేలికి చుట్టుకుంది.

"భద్రం గారూ," అన్నాడు దళారి, పరుషంగా కాదు, చనువుగానే. "మీ ఊరివాళ్ళు విరవకూడదు కదండీ. మీ కమిషనరు గారు మాకూ కాగితం పంపారు."

పక్కనే ఉన్న తాళ్ళమెరక గుమాస్తా ఫొటో తీశాడు. సాయంత్రానికి భద్రానికీ పసుపు కార్డు వచ్చింది. ఆ రోజునుంచి యార్డులో అతనికి మూతి కుట్టిన గోనెలే దొరికాయి.

అలా తాళ్ళమెరక ముదురు బెండకాయలు తినసాగింది. పళ్ళున్నవాళ్ళు నమిలారు, లేనివాళ్ళు చప్పరించారు. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. అనకుండా ఒక్కొక్కరే మూల కొట్టు ముందునుంచి తల వంచుకుని నడిచిపోయారు. భద్రం బుట్ట నిండుగానే ఉంది. పొద్దున్నా నిండుగానే ఉంది, సాయంత్రమూ నిండుగానే ఉంది.

ఖాళీ కొట్లో కూర్చుంటే లెక్కకి తీరిక దొరుకుతుంది. భద్రానికి పాత పొద్దులు గుర్తొచ్చాయి. మాణిక్యాంబ గారు ఏరుతుంటే వెనక ఎప్పుడూ ఇద్దరుముగ్గురు ఆడవాళ్ళు బేరం లేకుండా నిలబడి ఉండేవారు. ఎందుకు నిలబడ్డారో అతనెప్పుడూ ఆలోచించలేదు. ఆవిడ ఏ బుట్టలోంచి ఏరిందో ఆ బుట్ట ఆవిడ వెళ్ళిన కాసేపట్లో ఖాళీ అయ్యేది. ఆవిడ మొహం తిప్పుకున్న బుట్ట సాయంత్రం దాకా ఉండేది. రేపు ఆవిడ వస్తుందనే భయంతోనే కదా, యార్డుకి తాను అంత పొద్దున్నే వెళ్ళి దళారితో అంత రగడ పడేది. తాను ఆవిణ్ణి రాసింది నష్టం పద్దులో. ఇన్నేళ్ళుగా తప్పు వైపు రాసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కమిషనరు గారు కబురుపెట్టారు. బృందం వస్తోంది. అతిథి గృహంలో విందు. బెండకాయ వేపుడు తప్పనిసరి. సరుకు భద్రం కొట్టునుంచి. "ఏమాత్రము తేడా వచ్చినను మూల కొట్టు విషయము పునఃపరిశీలించబడును."

భద్రం గోనె మూతి విప్పి లోపలికి చూశాడు. మళ్ళీ కట్టేశాడు. చొక్కా మార్చుకుని మాణిక్యాంబ గారింటికి బయల్దేరాడు.

*

ఆవిడ వసారాలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. లేతాకుపచ్చవి, వేలెడేసి పొడుగువి. కత్తి తగలగానే తెగిపోతున్నాయి. భద్రం వాటినే చూస్తూ నిలబడ్డాడు.

"ఎక్కడివండీ అమ్మగారూ?"

"అవతల లంకలోవి. మునిసిపాలిటీ హద్దు ఏటి రేవు దాకానే. పడవెక్కితే నీ రూలు దిగిపోతుంది. తోటలోకెళ్ళి చెట్టునే విరిచి చూసుకుంటున్నా. మన వీధి ఆడవాళ్ళంతా వస్తున్నారు."

"అందుకే కొట్టుకి రావట్లేదా..."

"ఎందుకొచ్చావో చెప్పు."

చెప్పాడు. విందు సంగతి, మూల కొట్టు సంగతి, తనకొచ్చిన కార్డు సంగతి. ఆవిడ తరగడం ఆపలేదు. విశ్వనాధం గారు లోపల్నుంచి కాఫీ తెచ్చి భద్రం చేతికిచ్చారు.

"నేనొచ్చి ఏరాలంటే ఓ పని చెయ్యి," అంది ఆవిడ. "ఆ మాట నా మొహాన అను."

"ఏ మాటండీ?"

"ఇన్నేళ్ళూ నా వీపుకి చెప్పావు. వీపుకి చెవులుండవనుకున్నావు. ఇప్పుడిలా చూసి చెప్పు."

భద్రం గ్లాసు కింద పెట్టాడు. ఎదురుగా ఆ కళ్ళు. ఎన్ని వేల బెండకాయలు ఆ చూపు కింద నిలబడ్డాయో ఇప్పుడతనికి తెలిసింది.

"మీరు... పేచీకోరండి అమ్మగారూ."

తలుపు చాటున విశ్వనాధం గారికి దగ్గొచ్చింది. మాణిక్యాంబ గారు కత్తి పక్కన పెట్టింది.

"అవునా?"

"అవునండి. తప్పు నాదేనండి. మిమ్మల్ని రాయించకుండా ఉండాల్సింది."

"ఆ ముక్కేదో ముందే ఎందుకు ఒప్పుకోలేదు?"

భద్రానికి సోమయాజులు గారు గుర్తొచ్చారు. ఆయన నిర్వచనంలో ఒక్క ముక్క కూడా పొల్లు పోలేదు.

"సరే, పద," అంది ఆవిడ లేస్తూ. "కాఫీ తాగొద్దు. ఆయన పెట్టింది. డికాషన్ పల్చన."

*

బృందం నాయకుడు సన్నగా, పొడుగ్గా ఉన్న పెద్దమనిషి. మార్కెట్లో నడుస్తూ కనపడినవాళ్ళందర్నీ అడిగాడు. చెప్పుల కొట్టువాడు సంతృప్తన్నాడు. చెప్పు తెగి చేత్తో పట్టుకున్నవాడూ సంతృప్తన్నాడు. మురిక్కాలవలో కాలు పడినాయన ఒడ్డుకి రాకుండానే సంతృప్తన్నాడు. పక్కన కమిషనరు గారు ఒక్కొక్క సంతృప్తికీ తల పంకిస్తున్నారు.

మూల కొట్టు దగ్గరికి వచ్చారు. మాణిక్యాంబ గారు లంకలో ఏరిన బెండకాయలు, విందుకి పంపగా మిగిలినవి, బుట్టలో నిగనిగలాడుతున్నాయి. నాయకుడు ఏదో అడగబోతూ, కమిషనరు గారి వైపు చూస్తూనే, చెయ్యి బుట్టలోకి పోనిచ్చాడు. ఆ చెయ్యి తన పని తానే చేసుకుపోయింది.

టక్.

చాలాకాలం తరవాత వినపడిన చప్పుడు. మార్కెట్టంతా కొయ్యబారింది. గుమాస్తా మంచి క్రమశిక్షణ గలవాడు. ముందుకొచ్చి, ఫొటో తీసి, "అయ్యగారి ఇంటిపేరండీ?" అని అడిగాడు. కమిషనరు గారి మొహం కోసిన ఆనపకాయలా తెల్లబడింది.

నాయకుడు ఖాళీ కార్డు తీసుకుని, వెనక ముద్రించిన నిర్వచనం ఆసాంతం చదివాడు.

"ఆక్షేపించు వ్యక్తియు అని రాశారు," అన్నాడు. "నాకు ఆక్షేపణ లేదు. కాయ లేతగా ఉంది. ఇవి ఎవరు ఎంచారు?"

భద్రం కమిషనరు గారివైపు చూశాడు. కార్డున్న మనిషి ఎంచిందంటే మూల కొట్టు పోతుంది. తానే ఎంచానందామన్నా తనకీ కార్డుంది. తక్కెడ మళ్ళీ ఎత్తాడు. ఈసారి రెండో పళ్ళెంలో ఏం పెట్టాలో వెతుక్కోనక్కర్లేకపోయింది.

"మా పేచీకోరు గారండి," అన్నాడు, మార్కెట్టంతా వినపడేలా. "అదుగోనండి, అక్కడున్నారు."

మాణిక్యాంబ గారు నాలుగడుగులు ముందుకి వచ్చింది.

"బెండకాయలే నేనెంచినవి," అంది. "ఆ పక్క వంకాయలు నేను చూళ్ళేదు. వాటి జోలికి పోకండి."

నాయకుడు చేతిలో ఉన్న వంకాయని మెల్లిగా కింద పెట్టేశాడు.

*

నెల తిరక్కుండా ఫలితాలు వచ్చాయి. 'ఈ పట్టణమున ప్రజలందరును సంతృప్తులే. ఎందువలననో తెలియరాలేదు,' అని రాసి షీల్డు తాళ్ళమెరకకే ఇచ్చారు. షీల్డుకి ఒక పక్క పిడి ఊడి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు.

నాయకుడు మాత్రం తన పసుపు కార్డు అడిగి రాయించుకుని, జేబుకి తగిలించుకుని తిరుగుతున్నాడని కమిషనరు గారికి తెలిసింది. పైవాడు జేబుకి తగిలించుకున్నది కిందవాడికి అవమానమెలా అవుతుంది? మర్నాడే సవరణ తీర్మానం వచ్చింది. ఇకమీదట పేచీకోరు కార్డు గలవారు 'ఉత్తమ పరిశీలక పౌరులు'గా గౌరవించబడుదురు. సంతృప్తి మూటలు రద్దు. పేచీకోరుల పోషణలో చూపిన సహకారమునకు గాను భద్రం మూల కొట్టు లైసెన్సు యథాతథముగా కొనసాగించబడును.

అంతే, ఊరు ఊరంతా కార్డుల కోసం ఎగబడింది. నోట్లో నాలుక లేనివాళ్ళు కూడా అర్జీలు పెట్టారు. సిఫారసులు తెచ్చారు. గుమాస్తా ఎదుట విరిచి చూపిస్తే గాని ఇవ్వరు గనక, భద్రం కొట్టు ముందు వరస కట్టి, లేతవీ ముదురువీ తేడా తెలియకుండా బుట్టలకి బుట్టలు విరిచిపోశారు. సోమయాజులు గారు మొదటి కార్డు తనదేననీ, దానిమీద ఆ మాట రాయించమనీ అడిగారు. మాణిక్యాంబ గారు తన కార్డు తెచ్చి బల్లమీద పెట్టేసింది.

"అందరికీ ఇస్తున్నప్పుడు నాకెందుకు?" అంది. "పైగా బుడగ అలాగే ఉంది."

ఆ సాయంత్రం భద్రం ఎప్పటికన్నా పెద్ద సంచితో ఇంటికి వెళ్ళాడు. నూకరత్నం సంచిలోకి చూసి నిట్టూర్చి పులుసు పెట్టింది. భద్రం ఓ ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"పులుపు తగ్గింది," అన్నాడు.

నూకరత్నం చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పెళ్ళయిననాటినుంచీ ఈ ఇంట్లో ఆ మాట వినపడటం అదే మొదలు. ఆమె వచ్చి అతని ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తిన్నగా మొహంలోకి చూసింది.

"పేచీకోరు," అంది, ఎంతో తృప్తిగా. "ఇంకా చెప్పు. ఉప్పెలా ఉంది?"